మంచు పడుతోందట

డిసెంబర్ 21, ఆదివారం

సప్లై 7. రిటర్న్ 12. రెండో నంబరు పంపు మూలుగుతోంది, గ్రీజు పెట్టించాను.

ఇది ప్లాంటు లాగ్‌బుక్కే. సగం వాడి పక్కన పడేస్తే మిగతా సగం నేను తెచ్చుకున్నాను. సౌదీలోని ధహ్రాన్‌లో, భవనాల ఏసీలకు చల్లనీళ్లు పంపే ఈ చిల్లర్ ప్లాంటులో ఇరవై రెండేళ్లుగా గంటగంటకీ నీళ్లు ఎంత చల్లగా వెళ్లాయో, ఎంత వేడెక్కి తిరిగొచ్చాయో రాస్తున్న చెయ్యి ఇది. ఊరికే ఉండలేదు. ఇంజనీరు చూడకూడనివి ఇందులో రాసుకుంటాను. పేజీ చివర రిమార్క్స్ అని ఒక గడి ఉంటుంది. అందులో నేను రాసేది ఎప్పుడూ ఒకటే, 'నిల్'.

ఇవాళ భోజనం డబ్బా విప్పుతుంటే తబూక్ నుంచి వీణ ఫోన్ చేసింది. నా భార్య రత్నం పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు. ఇద్దరిదీ ఒకే గది. పాలకొల్లు పిల్ల.

"అంకుల్, ఆంటీకి తెలీకుండా చేస్తున్నానండి. నా పేరు చెప్పనంటే ఓ మాట చెప్తాను."

"చెప్పమ్మా."

"ఆంటీ కాంట్రాక్టు కాగితం వచ్చిందండి. ఇంకో మూడేళ్లకి. జనవరి పదకొండున సంతకం పెట్టి ఇచ్చేయాలంట. ఈలోగా ఖోబర్ ఆసుపత్రి వాళ్లు కూడా అడిగారండి, వస్తే కఫాలా స్పాన్సర్‌షిప్ తమ పేరు మీదికి మార్పించుకుంటామన్నారు. ఖోబర్ అంటే మీకు పక్కనే కదండీ. ఆంటీ ఏమీ తేల్చట్లేదు. కాగితం బైబిల్లో పెట్టుకుని తిరుగుతున్నారు."

"మీ ఆంటీ ఏమంటుంది?"

"ఒకసారి అడిగాను, రెండోసారి అడగనంటున్నారండి. అంతకుమించి నోరు విప్పట్లేదు."

ఆ ఒకసారి నాకు గుర్తుంది. నాలుగేళ్ల కిందట ఇలాగే ఖోబర్‌లో ఉద్యోగం వచ్చింది. "రమ్మంటారా?" అని అడిగింది. "ఇప్పుడెందుకులే రత్నం, ఇద్దరికీ అలవాటైపోయింది కదా" అన్నాను. కొత్త ఆసుపత్రి, కొత్త వార్డు, మళ్లీ మొదట్నుంచీ తంటాలు పడాలని ఆమె మంచికే అన్నాను. అందులో తప్పేముంది?

ఆమె తబూక్ వచ్చి తొమ్మిదేళ్లు. ఒకే దేశంలో ఈ మూల నేను, ఆ మూల ఆమె. మధ్యలో పదిహేడు వందల కిలోమీటర్ల ఎడారి. ఏడాదికో నెల నరసాపురంలో కలుస్తాం.

రిమార్క్స్: నిల్.

డిసెంబర్ 25

క్రిస్మస్. నాకు డ్యూటీ. ఆమెకూ డ్యూటీ. వీడియో కాల్‌లో కేకు చూపించింది. నేను చిల్లర్ చూపించాను.

డిసెంబర్ 26, శుక్రవారం

ముస్తాక్ వచ్చాడు. కంపెనీ బస్సు డ్రైవరు, కడప మనిషి. క్యాంపులో పదకొండేళ్లు నా పక్క మంచం. వాడి గురక పడలేకే నవంబర్లో క్యాంపు ఖాళీ చేసి ఖోబర్‌లో ఇల్లు తీసుకున్నాను. వేరే కారణం ఏమీ లేదు.

ఇల్లంతా తిరిగి చూశాడు. రెండు గదులూ చూశాడు. వంటింట్లోకి వెళ్లి ఆగిపోయాడు.

"ఏందినా ఇది? ఒక్కనికి రెండు పొయ్యిలేందికి?"

"ఒకదాని మీద అన్నం, ఒకదాని మీద కూర."

"పదకొండేండ్లు ఒక్క పొయ్యి మీదనే రెండూ వండినావే. ఎప్పుడన్నా ఆకలైందంటివా? కర్టెన్లు గూడా కట్టించినావు. ఆకుపచ్చవి. నీకు కర్టెన్లు దేనికినా?"

"ఎండ పడుతుంది."

"జనవరొస్తాండాది, యాడిదినా ఎండ?"

టీ తాగి వెళ్లరా అన్నాను. వాడు పోతూపోతూ కూడా ఆ పొయ్యి వైపే చూస్తున్నాడు. వెధవ కళ్లు.

జనవరి 2, శుక్రవారం

ఫోన్‌లో అడిగేద్దామని కూర్చున్నాను. ఏం చెప్పాలో ముందే రాసుకున్నాను. ఇదిగో, ఇలా: 'రత్నం, ఖోబర్ వచ్చేయరాదూ.' నాలుగు మాటలు కూడా లేవు.

"బీపీ మాత్ర వేసుకున్నారా?" అంది.

"ఆఁ. నీ మోకాలు?"

"ఉంది."

"చలి?"

"ఉంది."

"జాబేజ్ ఫోన్ చేశాడా?" అన్నాను, మా అబ్బాయి గురించి.

"చేశాడు. కొత్త ఆఫీసులో బాగానే ఉందంట. రూమ్మేట్ వంట బాగా చేస్తాడంట."

ఇలాగే పద్దెనిమిది నిమిషాలు. చివరికి, "ఇంకేమన్నా చెప్పాలా?" అంది. "ఏం లేదు, ఉంటాను" అన్నాను. ఆమె వెంటనే పెట్టేయలేదు. నేనే పెట్టేశాను.

రిమార్క్స్: నిల్.

జనవరి 5, సోమవారం

సప్లై 7. రిటర్న్ 11.

పొద్దున ఆరున్నరకు రత్నం వాయిస్ మెసేజ్ పెట్టింది. "ఏవండీ, ఇక్కడ మంచు పడుతోందండీ."

తబూక్‌లో మంచు! అక్కడి కొండల మీద పడుతుందని తెలుసు. ఏటా చలికాలం ప్లాంటులో అందరి ఫోన్లలోనూ ఆ వీడియోలే, మంచులో ఒంటెలు, మంచులో దిష్‌దాషాలు, అదే పొడుగు అంగీలు, తొడుక్కున్న అరబ్బులు. కానీ ఊళ్లోకే వచ్చిందంటే మామూలు విషయం కాదు.

పెళ్లైన కొత్తలో కాశ్మీర్ తీసుకెళ్లి మంచు చూపిస్తానని మాటిచ్చాను. అప్పుడు నేను భీమవరంలో ఏసీ మెకానిక్ దగ్గర పని నేర్చుకుంటున్నాను. కాశ్మీర్ సంగతి దేవుడెరుగు, కాకినాడ కూడా దాటలేదు. ఇరవై ఆరేళ్లుగా ఎవరింటికి భోజనానికి వెళ్లినా ఆ కాశ్మీర్ కథ చెప్పి నవ్విస్తుంది. ఇప్పుడు ఆమె కిటికీ ముందరే పడుతుంటే నేను ఇక్కడ కూర్చోవడం ఏం బాగుంటుంది?

ఇంజనీరు దగ్గరికెళ్లి ఐదు రోజులు సెలవు కావాలన్నాను. జనవరిలో నేను సెలవు అడగడం ఇదే మొదటిసారి. కారణం ఏమిటన్నాడు. స్నో అన్నాను. పెన్ను కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. తర్వాత ఫారంలో 'ఫ్యామిలీ ఎమర్జెన్సీ' అని రాసుకుని సంతకం పెట్టాడు. నేను అలా అనలేదు. ఆయన ఇష్టం.

మంచు చూడ్డానికే వెళ్తున్నాను. ఇన్నేళ్లు చలిని తయారుచేసిన వాడికి అసలు చలి ఎలా ఉంటుందో చూడాలని ఉండదా? మా పనిలో కాయిల్ మీద ఐస్ కట్టిందంటే కంప్లయింటు. పరిగెత్తుకెళ్లి కరిగించాలి. దాన్నే జనం విమానాలెక్కి వెళ్లి చూస్తారట.

జనవరి 6, మంగళవారం

క్యాంటీను కోల్డ్ స్టోరు వాళ్ల దగ్గర ఫ్రీజర్ కోటు అడిగి తెచ్చుకున్నాను. మోకాళ్ల దాకా వస్తుంది, మేకమాంసం వాసన వేస్తుంది. ముస్తాక్ బస్సు గ్లవ్స్ ఇచ్చాడు. స్కీయింగ్ వీడియోలు చూశాను. కాళ్లకు రెండు పొడుగు చెక్కలు కట్టుకుని జారుతారు. ఆ చెక్కలు ఖోబర్‌లో దొరకలేదు. రత్నానికి 'రేపు వస్తున్నాను' అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టాను, ఎందుకో చెప్పలేదు.

"యాడికినా, మంచులో ఆడుకొనేకి పోతాండావా, వదినెను చూసేకి పోతాండావా?"

"మంచుకే."

"సరే, వదినెకు నా సలాం చెప్పు. మంచుకు గూడా చెప్పు."

మెసేజ్ మళ్లీ విన్నాను, టైము సరిచూసుకుందామని. "ఏవండీ, ఇక్కడ మంచు పడుతోందండీ. కిటికీలోంచి చూస్తే ఏమీ కనబడ్డం లేదు." అంత దట్టంగా పడుతోందన్నమాట.

జనవరి 7, బుధవారం. తబూక్

రియాద్‌లో విమానం మారడానికి గంట చాలన్నారు. మూడు గంటలు కూర్చోబెట్టారు. తబూక్‌లో ఏమీ కనబడట్లేదట, దిగడానికి లేదట. చుట్టూ ఉన్నవాళ్లు విసుక్కుంటుంటే నాకు మాత్రం సంతోషం. ఇంకా పడుతోందన్నమాట.

దిగాక చూస్తే నేల తడిగా ఉంది, అంతే. ఫ్రీజర్ కోటు వేసుకుని, గ్లవ్స్ తొడుక్కుని బయటికొచ్చాను. రత్నం అద్దాల దగ్గర నిలబడి ఉంది. నేవీ బ్లూ స్వెటర్, తెల్లటి నర్సు చెప్పులు. వెంట్రుకల్లో తెలుపు పోయినసారి కంటే పెరిగింది. నన్ను చూసి ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏంటండీ ఈ వేషం?"

"మంచేది?"

"అదిగో." అద్దాల బయటికి చూపించింది. ఊరంతా తెల్లగా ఉంది. స్తంభాలు సగమే కనబడుతున్నాయి.

"అది పొగమంచు కదా."

"మనూళ్లో దాన్ని మంచే అంటాం కదండీ. మీ అమ్మగారు రోజూ పొద్దున్నే అనేవారు కాదూ, మంచు పడతంది, మఫ్లరు కట్టుకోరా కొర్నేలూ అని? నరసాపురంలో ఎప్పుడు స్నో పడిందేంటి?"

తల కొట్టేసినంత పనైంది. నిజమే. ధనుర్మాసం వచ్చిందంటే మా ఇంట్లో రోజూ ఇదే మాట. ఇరవై రెండేళ్లు సౌదీలో ఉండి మంచు అంటే ఒంటెల వీడియో తప్ప ఇంకోటి తోచని స్థితికి వచ్చాను. మాతృభాషలో పప్పులో కాలేశాను.

రత్నం నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ స్వెటర్ చేత్తో కళ్లు తుడుచుకుంది. పక్కనున్న సౌదీ కుటుంబం కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది. నాకు కోపం రావాలి. రాలేదు. ఆమె అంతగా నవ్వి ఎన్నాళ్లయిందో.

"మంచు కోసం ఇంత దూరం వచ్చారా?"

"లేకపోతే?"

ఆ మాటతో నవ్వు ఆగిపోయింది. బ్యాగు తీసుకుని ముందు నడిచింది. ఆ 'లేకపోతే' అనకుండా ఉండాల్సింది.

నర్సుల హాస్టల్లోకి మగవాళ్లను రానివ్వరు కాబట్టి నాలుగు రోజులకు ఫర్నిష్డ్ గది తీసుకున్నాం. రిసెప్షన్‌లో ఉన్న సూడాన్ ఆయన భార్యాభర్తలని రుజువు అడిగాడు. ఎవరి ఇకామా, అంటే నివాస అనుమతి కార్డు, వాళ్లది, ఒకరి కాగితంలో ఒకరి పేరు లేదు. రత్నం ఫోన్‌లో మా పెళ్లి ఫోటో తీసి చూపించింది. ఆయన ఫోటో చూశాడు, ఆమెను చూశాడు, తలూపాడు. నన్ను చూశాడు. ఈవిడ ఈవిడే, ఈయన మాత్రం ఈయన కాదు అన్నాడు అరబీలో.

"నిజమే లెండి" అంది రత్నం తెలుగులో, నాకేసి చూడకుండా.

జనవరి 8, గురువారం

మధ్యాహ్నం దాకా ఆమెకు డ్యూటీ. నేను గదిలో కూర్చుని గోడకున్న ఏసీ విప్పి శుభ్రం చేశాను. ఫిల్టరు కడిగి ఎన్నేళ్లయిందో.

మూడింటికి వచ్చింది. వంకాయ కూర తెచ్చింది. రేపూ ఎల్లుండీ సెలవట, వీణ తన డ్యూటీ మార్చుకుందట. బ్యాగులోంచి కూర గిన్నె తీస్తుంటే బైబిలు పైకొచ్చింది. మధ్యలోంచి ఒక తెల్ల కాగితం అంచు కనబడుతోంది. ఇద్దరం దానికేసి చూశాం. అడగాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

"వంకాయలు ఎక్కడివి?" అన్నాను.

"బకాలా కొట్లో" అంది.

కూర చాలా బాగుంది. ఆ మాటైనా చెప్పాను.

రిమార్క్స్: నిల్.

జనవరి 9, శుక్రవారం. దారిలో, టీ దుకాణం

కొండకు వెళ్తున్నాం. రత్నమే ఏర్పాటు చేసింది. వచ్చిన మనిషికి మంచు చూపించకుండా పంపితే ఎలా అంది. మాట మామూలుగానే ఉంది, చూపు మామూలుగా లేదు.

బండి ఫయాజ్‌ది. జగిత్యాల మనిషి. నర్సుల బస్సు నడుపుతాడు, శుక్రవారాలు ఇలా సొంత బండి తిప్పుతాడు. తబూక్ దాటాక పొగమంచు విడిపోయి ఎర్ర కొండలు కనబడుతున్నాయి.

"మంచు ఉంటదా ఉండదా నేనైతే జెప్పలే సార్. పోయిన వారం పడ్డది. ఎండ తాకని దిక్కు ఇంకింత ఉండొచ్చు. ఉంటే మీ కిస్మత్" అన్నాడు. కాసేపటికి చెయ్యి బయట పెట్టి, "గా కొండల్ల స్కీయింగ్ కోసం ఊరే కడ్తున్నరట సార్. పైకెల్లి పడకపోతే మిషిన్లు పెట్టి చేస్తరట" అన్నాడు.

ఎంత కెపాసిటీ మిషన్లో, అక్కడ లాగ్‌బుక్ ఎవరు రాస్తారో. రత్నం బండిలోంచి చూస్తోంది, టీ దుకాణంలో కూడా రాతేనా అన్నట్టు. కొండ మీద అడిగేస్తాను. పైన తప్పకుండా అడుగుతాను.

జనవరి 10

ఎడమ చెయ్యి. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు. మంచు ఉంది. అడగలేదు. రేపే పదకొండు. రేపు సాయంత్రమే నా విమానం కూ

జనవరి 11, ఆదివారం, పొద్దున ఏడు గంటలు

ఈ రాత నాది, రత్నమణిది. చెప్పేది ఆయన. నిన్న రాత్రి ఎడమ చేత్తో కోడి కెలికినట్టు కెలుకుతుంటే చూడలేక పుస్తకం లాక్కున్నాను. వెనక పేజీలు చదవనని ఒట్టేశాను. చెప్పింది చెప్పినట్టు రాయమన్నారు, అలాగే రాస్తున్నాను. మధ్యలో బ్రాకెట్లలో ఉన్నవి నావి.

సప్లై, రిటర్న్ తెలియవు. ప్లాంటు చూసి ఐదు రోజులైంది.

మొన్న కొండ పైకి వెళ్లేసరికి పదిన్నర. రెండు బండల మధ్య ఎండ తగలని చోట మంచు మిగిలి ఉంది. మన చర్చి ముందరి ఖాళీ స్థలం అంత ఉంటుంది. అంచుల్లో బురద. ఏడెనిమిది సౌదీ కుటుంబాలు కార్పెట్లు పరుచుకుని, నిప్పు రాజేసుకుని టీ కాచుకుంటున్నాయి. వంగి మంచు ముట్టుకున్నాను. డీప్ ఫ్రీజర్ గోడ గీకితే వచ్చే పొడిలా ఉంది. (ఈ మాట అక్కడ పదిసార్లు అన్నారు. పిల్లాడికి ఐస్‌క్రీం ఇస్తే పాల ధర చెప్పినట్టు.)

రత్నం కూడా వంగింది. రెండు చేతుల్తో తీసుకుని చెంపకు ఆనించుకుంది. తర్వాత గుప్పెడు తెచ్చి నా కాలరులో వేసింది. "ఇరవై ఆరేళ్లకు కాశ్మీర్ చూపించారు" అంది. అప్పుడు ఆమె మొహం చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. (ఇది రాయాలా అని అడిగాను. రాయమన్నారు.)

అక్కడ స్కీయింగ్ చెక్కలు లేవు. కబ్సా అన్నం వడ్డించే పెద్ద అల్యూమినియం తబుకుల మీద కూర్చుని అందరూ జారుతున్నారు. ఒక పెద్దావిడ రత్నాన్ని పిలిచి, తబుకులో మిగిలిన మెతుకులు దులిపి ఇచ్చింది. నలభై తొమ్మిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పి మనిషి, కూర్చుంది. "యేసయ్యా" అని అరుస్తూ చివరి దాకా జారింది. (అరవలేదు. ప్రార్థన చేశాను.) కొండ మొత్తం చప్పట్లు కొట్టింది.

పైకొచ్చి, మీరూ కూర్చోండి అంది. ఇద్దరం ఒకే తబుకు ఎక్కాం. ముందు ఆమె, వెనక నేను. ఫయాజ్ తోశాడు. సగం దూరంలో తబుకు గిర్రున తిరిగింది. రత్నం బండకు తగులుతుందేమోనని చెయ్యి కింద పెట్టి ఆపబోయాను. మణికట్టులో ఏదో చిటుక్కుమంది. (నా కోసం చెయ్యి పెట్టారని నాకు ఇప్పుడే తెలిసింది. మొన్న పట్టు తప్పిందన్నారు.)

మరుక్షణం రత్నం భార్య కాదు, నర్సు. కదలొద్దు, వేళ్లు కదపండి, ఎవరండీ ఏడుస్తున్నది, మీరేనా అంది. (నిజంగానే ఏడ్చారు.) బిస్కెట్ల అట్టపెట్టె చింపి చేతికింద పెట్టింది. తన స్కార్ఫ్‌తో కట్టింది. ప్లాస్టిక్ సంచిలో మంచు నింపి పైన పెట్టింది. జీవితంలో మొదటిసారి ఐస్ నాకు పనికొచ్చింది.

కట్టు కడుతూ, తలెత్తకుండా, ఒక మాట అంది. "నాలుగేళ్ల కిందట అలవాటైపోయిందన్నారు. నాకు అవలేదండీ."

అప్పుడు చెప్పాల్సింది. ఎంతో దూరం నుంచి ఆ మాట కోసమే వచ్చినవాణ్ణి. నేనేమన్నానంటే, "అబ్బా, నొప్పి" అన్నాను. (అవును. అలాగే అన్నారు.)

రత్నం, కాసేపు రాయడం ఆపు. (చెప్పింది చెప్పినట్టు రాయమన్నారు. రాస్తున్నాను.)

ఆపమంటుంటే. (రాస్తున్నాను.)

సరే. రాయి. ఆ వాయిస్ మెసేజ్‌లో మూడు మాటలున్నాయి. మంచు పడుతోంది అన్నది ఒకటి. కిటికీలోంచి చూస్తే ఏమీ కనబడ్డం లేదు అన్నది రెండోది. మీరుంటే బావుణ్ను అన్నది మూడోది. మొదటి రెండూ ఈ పుస్తకంలో రాశాను. మూడోది ఎక్కడా రాయలేదు. దాన్ని పదకొండుసార్లు విన్నాను. మంచు కోసం రాలేదు. మంచు పడకపోయినా వచ్చేవాణ్ణి. ఎయిర్‌పోర్టులో నువ్వడిగినప్పుడు అడ్డంగా మాట్లాడాను.

నాలుగేళ్ల కిందటిది కూడా రాయి. నీ మంచికే వద్దన్నానని ఇందులో రాసుకున్నాను. అది అబద్ధం. అప్పుడు క్యాంపులో ఒక గదిలో ఆరుగురం. ఇల్లు వెతికి వెతికి విసిగిపోయాను. భార్య వస్తానంటే పెట్టుకోవడానికి చోటు లేదని చెప్పడానికి సిగ్గేసింది. సిగ్గుతో నోటికొచ్చిన మాట అది. అలవాటు ఎక్కడైంది? ఒక్కరోజు కూడా అవలేదు.

ఇప్పుడు ఖోబర్‌లో రెండు గదుల ఇల్లు ఉంది. నవంబర్లో తీసుకున్నాను. నీకు చెప్పలేదు. ముస్తాక్ గురక వల్ల అని అందరికీ చెప్పాను. ఆకుపచ్చ కర్టెన్లు కట్టించాను. (ఆ రంగు ఎవరు ఎంచమన్నారో.) రెండు బర్నర్ల పొయ్యి కొన్నాను. ఒక్కడికి రెండు పొయ్యిలు ఎందుకని ముస్తాక్ అడిగితే ఏదో సాకు చెప్పాను.

ఖోబర్ వచ్చేయ్ రత్నం. వచ్చేయ్ అని రాయి.

(రాశాను.)

రాశావా?

(రాశాను. కింద గీత కూడా గీశాను.)

ఎనిమిదవుతోంది. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. బయట ఇవాళ కూడా ఏమీ కనబడ్డం లేదు. రిమార్క్స్ గడిలో ఏం రాయమంటారని అడిగాను. అలవాటు కదా, నిల్ అని రాయమన్నారు. ఒక్క ఈ గడి నా ఇష్టం.

రిమార్క్స్: కాగితం మీద సంతకం పెట్టలేదు. తొమ్మిదింటికి ఆఫీసులో అలాగే తిరిగిచ్చి, ఖోబర్ వాళ్లకు ఫోన్ చేస్తాను. రెండో పొయ్యి ఎందుకో ముస్తాక్‌కి చెప్పండి.